స్వాములు లేని కాలం: కతోలిక గృహస్థుల చరిత్ర చెప్పే పాఠం

కిందటేడు బాపట్లలో సాహిత్య విద్యార్థులు ఏర్పాటు చేసిన ఒక చిన్న గోష్ఠిలో మాట్లాడి బయటికి వస్తుంటే ఒక అమ్మాయి నన్ను ఆపి అడిగింది. "మాది ఆర్.సి.ఎం. సార్. ఫాదర్ల మీద పేపర్లో వచ్చినవన్నీ చదివాక నేను గుడికి పోవడం మానేశాను. మా అమ్మ మానలేదు. మా ఇద్దరిలో ఎవరిది తప్పు?"

ఆ అమ్మాయికి ఆ రోజు నేనిచ్చిన జవాబు సరైంది కాదు. మతసంస్థలన్నీ అధికార సంస్థలే గనక ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదన్నాను. అది నిజమే కావచ్చు. కాని ఆమె అడిగింది సంస్థల స్వభావం గురించి కాదు. నమ్మిన చోట దెబ్బ తిన్న మనిషి, ఆ నమ్మకాన్ని ఏం చేసుకోవాలని అడిగింది. తెనాలిలో రైలెక్కి ఇంటికి వచ్చేదాకా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఇటువంటి సందర్భాల్లో మన దగ్గర రెండు సిద్ధ సమాధానాలున్నాయి. మొదటిది గుడి పెద్దలది: "ప్రార్థన చేయండి, బయటికి మాట్లాడకండి, గుడి పరువు పోతుంది." రెండవది మనబోటి వాళ్లది: "అదంతా బూటకమే, బయటికి వచ్చేయండి." ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపించినా, ఒక విషయంలో రెండింటికీ ఏకాభిప్రాయం ఉంది. గుడి అంటే గురువే అని రెండూ నమ్ముతున్నాయి. గురువు పడితే గుడి పడుతుందన్న భయంతో ఒకరు నోరు మూయిస్తారు. గురువు పడ్డాడు గనక గుడి పడినట్టేనని మరొకరు తేల్చేస్తారు. తెలుగు కతోలికుల చరిత్ర ఈ ఇద్దరినీ సమర్థించదని నా అభిప్రాయం.

*

ముందు నేను చూసింది చెప్పాలి. మా తాత రేపల్లె వైపు ఉపదేశి. ఉపదేశి అంటే గురువు కాడు. పెళ్లాం బిడ్డలున్న గృహస్థు. స్వాములవారు నెలకో రెణ్ణెల్లకో ఒకసారి వచ్చి పూజ చేసి పోయేవారు. మిగతా రోజులన్నీ ఉపదేశివే. పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం, సాయంత్రం జపమాల చెప్పించడం, చచ్చిపోయినవాళ్లను మట్టి చేయించడం, ప్రాణం మీదికొచ్చిన పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వడం ఆయన పని. ఆపద సమయంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చునన్నది కతోలిక సంఘం నియమం. నేను పెద్దవాణ్ణయ్యేసరికి తాత లేడు. ఆయన పనిలో సగం మా నాయనమ్మ చేసేది, జీతం లేకుండా.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత రెండు మూడేళ్లకు, మా ప్రాంతంలోనే ఒక విచారణలో ఒక సంగతి జరిగింది. ఆ విచారణ పేరు ఇక్కడ రాయను. హాస్టల్లో చదివే పదమూడేళ్ల పిల్ల ఒకతె ఉన్నట్టుండి ఇంటికి వచ్చేసింది, మళ్లీ పోనంది. కారణం వారంలో అందరికీ తెలిసింది. పెద్దలు రాత్రిపూట బడి వరండాలో కూర్చున్నారు. ఎవరూ కాగితం మీద ఏమీ రాయలేదు. నెల తిరక్కుండా ఆ గురువుకు బదిలీ అయింది. పూలదండ వేసి, గ్రూపు ఫోటో తీయించుకుని సాగనంపారు. పిల్ల తండ్రి ఆ ఫోటోలో వెనక వరసలో నిలబడ్డాడని తర్వాత విన్నాను.

ఆ అక్టోబరులో, అంటే జపమాల మాసంలో, మరియమాత స్వరూపం రోజుకో ఇంటికి వెళ్లవలసి ఉంది. మొదటి ఇల్లు ఎప్పుడూ సంఘ పెద్దదే. ఆ ఏడు మా నాయనమ్మ స్వరూపాన్ని చేతుల్లోకి తీసుకుని నేరుగా ఆ పిల్ల ఇంటికి నడిచింది. వెంట పదిమంది కూడా లేరు. చాలామంది గుమ్మాల్లో నిలబడి చూశారు. ఆ ఇంట్లో నులకమంచం మీద స్వరూపం పెట్టి జపమాల చెప్పారు. మర్నాడూ అక్కడికే పోయింది. మూడోనాడు ఇంకొంచెం మంది వచ్చారు.

"ఇంత జరిగినాక ఇంకా గుడికెందుకు పోతావే?" అని నేను కోపంగా అడిగితే, "ట్రాన్స్‌ఫరయింది ఆయనకు రా, దేవుడిక్కాదు" అంది.

చాలాకాలం ఈ మాటను నేను గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను. ఇవాళ దాని లోపం కూడా నాకు కనిపిస్తున్నది. మా నాయనమ్మ పోలీసు స్టేషనుకు పోలేదు. పీఠాధిపతికి ఉత్తరం రాయించలేదు. ఆ పిల్లను తర్వాత తెనాలిలో మేనత్త ఇంటికి పంపించేశారు, చదువు ఆగిపోయింది. ఆ గురువు వెళ్లిన కొత్త ఊళ్లో పిల్లలున్నారా, వాళ్లకు హాస్టలుందా అని మాలో ఒక్కరం అడగలేదు. జపమాల సరైన ఇంటికే వెళ్లింది, కాని అక్కడే ఆగిపోయింది. నేను చెప్పదలచుకున్న విషయం ఈ రెండు వాక్యాల మధ్య ఉంది.

*

ఆ తండ్రి ఫోటోలో ఎందుకు నిలబడ్డాడు? పిరికితనం అని తేల్చేయడం సులభం. ఆ నిశ్శబ్దానికి ఒక ఆర్థిక పునాది ఉందన్న సంగతి విమర్శకులు మరవకూడదు. ఉప్పెన తర్వాత గోధుమనూక, పాలపొడి, నూనె డబ్బాలు పంచింది గుడి గోడౌన్లో. దాని తాళంచెవి ఎవరి నడుముకుందో వారి మాట చెల్లింది. బడిలో సీటు, హాస్టల్లో చోటు, ఆసుపత్రిలో మందు, ఆడపిల్లకు నర్సు ట్రైనింగు, మగపిల్లవాడికి టీచరుద్యోగం, అన్నీ ఒకే సంతకం కింద ఉండేవి. అంతేకాదు, సమాధి స్థలం కూడా.

దీనికి తోడు కులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. మన రాష్ట్రంలో అతన్ని బి.సి. 'సి' వర్గంలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. అందువల్ల ఎన్నో కుటుంబాలు కాగితం మీద ఒక మతంలో, గుండెలో మరొక మతంలో బతుకుతున్నాయి. నోరు విప్పితే ముందు బయటపడేది తమ కాగితమే. ఇక గుడి లోపల కులం లేదా అంటే, దళిత కతోలికులు దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన వివక్షను భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్యే 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత విధాన పత్రంలో ఒప్పుకున్నది. దళిత కుటుంబంలో పుట్టిన తెలుగువాడు పూల ఆంతోని కార్డినల్ కావడానికి 2022 ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది.

అయినా ఈ మనుషులకు గుడి ఒక్క పెత్తనమే కాదు. 1985 జూలైలో కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరిన దళితులకు నీడనిచ్చింది చర్చి ఆవరణే. అది కతోలిక గుడి కాకపోయినా మాట అదే. ఊరి చెరువూ, ఊరి గుడీ, ఊరి రచ్చబండా తమవి కాని మనుషులకు "ఇది మాది" అని చెప్పుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క ఇటుక కట్టడం అది. అటువంటి వాళ్లతో "నచ్చకపోతే వదిలేసి రండి" అనడం, వేరే ఇల్లున్నవాడు చెప్పే మాట. ఆ అమ్మాయి తల్లి గుడి మానకపోవడంలో అమాయకత్వమే ఉందనుకుంటే మనం పొరబడినట్టే.

*

ఇక అసలు చరిత్రకు వద్దాం. 18వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుదుచ్చేరి కేంద్రంగా కర్ణాటక మిషన్ నడిపారు. పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగు నేర్చి, సన్యాసుల్లా బతికారు. రాయలసీమలో మతం పుచ్చుకున్న కుటుంబాల్లో కొన్ని కరువులకూ కలహాలకూ తట్టుకోలేక గుంటూరు సీమకు వలస వచ్చాయి. ఇంతలో 1773లో పోప్ 14వ క్లెమెంట్ జెస్యూట్ సంఘాన్నే రద్దు చేశాడు. యూరప్ రాజకీయాల కోసం రోములో పెట్టిన ఒక సంతకంతో తెలుగు పల్లెల్లో పూజ చేసే చేతులు కరువయ్యాయి.

వేరే సభల గురువులు అప్పుడప్పుడూ వచ్చిపోయినా, చాలా పల్లెలు ఏళ్ల తరబడి స్వాములవారి ముఖం ఎరగవు. పాపసంకీర్తనం లేదు, సత్ప్రసాదం లేదు. అయినా 19వ శతాబ్ది చివరి పాదంలో మిల్‌హిల్ గురువులు ఈ ప్రాంతానికి వచ్చేసరికి ఇక్కడ కతోలికులు మిగిలే ఉన్నారు. ఫిరంగిపురంలో డీక్‌మన్ స్వామి పెద్ద గుడి కట్టించడానికి పూనుకున్నది శూన్యంలో కాదు. 1928లో నెల్లూరు పీఠం, 1940లో గుంటూరు పీఠం ఏర్పడ్డాయి గాని, వాటి కింద ఉన్న పునాదిని ఎవరు నిలబెట్టారు? ఉపదేశులు నిలబెట్టారు. బిడ్డను జోకొడుతూ మంగళవార్త జపం నేర్పిన తల్లులు నిలబెట్టారు. వాళ్ల పేర్లు ఏ పలకరాయి మీదా లేవు.

ఇందువల్ల తేలేదేమిటి? గురువు మీద నిజం చెబితే సంఘం కూలిపోతుందన్న భయానికి చారిత్రక ఆధారం లేదు. గురువులే లేని కాలంలో కూలనిది, ఒక దోషిని దోషి అన్నంత మాత్రాన కూలదు.

ఈ ప్రశ్న తెలుగునాట కొత్తగా పుట్టిందీ కాదు. 303లో మొదలైన డయొక్లీషియన్ హింసాకాండలో కొందరు బిషప్పులు ప్రాణభయంతో పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించారు. తర్వాత ఉత్తర ఆఫ్రికాలో పెద్ద వివాదం చెలరేగింది. ద్రోహి చేతి మీదుగా అందిన జ్ఞానస్నానం చెల్లుతుందా? చెల్లదని డోనటిస్టులు అన్నారు. అగస్టీను చెల్లుతుందన్నాడు; ఇచ్చేవాడు క్రీస్తు, మనిషి చేయి దోవ మాత్రమేనన్నాడు. ఈ సిద్ధాంతంలో సామాన్యుడికి గొప్ప ఊరట ఉంది. నీ పెళ్లి చేసిన గురువు చెడ్డవాడని రేపు తెలిసినా నీ పెళ్లి చెడదు. నీ బిడ్డ జ్ఞానస్నానం మైలపడదు. కాని ఇదే సిద్ధాంతాన్ని తర్వాతి కాలంలో పెద్దలు తిరగేసి వాడారు: "పూజ చెల్లుతుంది గదా, ఇక ఆయన నడతతో మీకేం పని?" అన్నారు. గృహస్థుడి ఊరట కోసం పుట్టిన మాట గురువుకు డాలు అయింది.

అగస్టీను మాటను సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్లు గృహస్థుల్లోనే కనిపిస్తారు. 14వ శతాబ్దిలో సియెనా పట్టణంలో బట్టలకు రంగులద్దేవాడి కూతురు కేథరిన్ మఠంలో చేరకుండా ఇంట్లోనే ఉండి వ్రతం పట్టింది. అవిన్యోన్‌లో కాపురమున్న పోప్ 11వ గ్రెగరీకి ఆమె ఉత్తరాలు చెప్పి రాయించింది. గురువుల ధనాశనూ, దురాచారాలనూ ఎత్తి చూపింది. పిరికితనం మాని రోముకు తిరిగి రమ్మన్నది. 1377 జనవరిలో ఆయన రోము చేరాడు. ఆమెను సంఘం తర్వాత పునీతురాలన్నది. పీఠం పట్ల గౌరవమూ, పీఠం మీద కూర్చున్నవాడికి బుద్ధి చెప్పే ధైర్యమూ ఒకే గుండెలో ఇమడగలవని ఆమె జీవితం చూపిస్తుంది.

1962 నుంచి 1965 దాకా జరిగిన రెండవ వాటికన్ మహాసభ ఈ పాత జ్ఞానానికి చట్టరూపం ఇవ్వబోయింది. 1964లో సంఘాన్ని గురించి వెలువరించిన శాసనంలో, అధికార శ్రేణిని గురించిన అధ్యాయానికి ముందు 'దేవుని ప్రజ' అనే అధ్యాయాన్ని పెట్టారు. అధ్యాయాల వరస మార్చడం చిన్న విషయం కాదని సాహిత్య విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. 1983 నాటి ధర్మశాస్త్రంలో 212వ సూత్రం, సంఘం మేలు కోసం తమ అభిప్రాయాన్ని కాపరులకు చెప్పే హక్కు విశ్వాసులకుందనీ, ఒక్కొక్కప్పుడు అది విధి కూడా అవుతుందనీ స్పష్టంగా అంటున్నది. ఆదివారం పూజలో ఈ సూత్రం చదివి వినిపించగా నేను వినలేదు.

*

ఇటీవలి ఘటనలను కూడా ఈ వెలుగులోనే చూడాలి. 2002లో బోస్టన్ నగరంలో ఒక పత్రిక గురువుల అత్యాచారాలనూ, వాటిని కప్పిపుచ్చిన బదిలీలనూ బయటపెట్టింది. ఆ డిసెంబరులో కార్డినల్ లా రాజీనామా చేశాడు. ఫ్రాన్సులో స్వతంత్ర సంఘం 2021 అక్టోబరులో ఇచ్చిన నివేదిక, 1950 నుంచి గురువుల చేతుల్లో బలైన పిల్లల సంఖ్య 2,16,000 దాకా ఉంటుందని అంచనా వేసింది. చిలీ దేశంలో ఒసోర్నో పట్టణపు గృహస్థులు, ఒక గురువు అకృత్యాలను కప్పిపుచ్చాడన్న ఆరోపణ ఉన్న వ్యక్తిని 2015లో తమకు బిషప్పుగా పంపితే నల్ల దుస్తులతో నిరసన తెలిపారు. పోప్ ఫ్రాన్సిస్ మొదట వాళ్లను నమ్మలేదు. 2018 జనవరిలో అదంతా అపనింద అన్నాడు. ఏప్రిల్‌లో తన పొరపాటు ఒప్పుకున్నాడు. జూన్‌లో ఆ బిషప్ రాజీనామా ఆమోదించాడు. మూడేళ్లు నిలబడ్డ ఆ మనుషులు గుడి మానినవాళ్లు కారు.

కేరళలో 2018 సెప్టెంబరులో అయిదుగురు కన్యస్త్రీలు కొచ్చి నడివీధిలో దీక్షకు కూర్చున్నారు. తమ తోటి సోదరి బిషప్ ఫ్రాంకో ములక్కల్ మీద చేసిన అత్యాచారారోపణపై చర్య తీసుకోవాలని అడిగారు. ఆయన అరెస్టయ్యాడు. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేసింది. 2023లో ఆయన పదవికి రాజీనామా ఇచ్చాడు. న్యాయస్థానం తీర్పును తీర్పుగా చెప్పాలి. అయితే ఆ కన్యస్త్రీలు అడిగింది విచారణ జరపమని. అది అడగడం నేరం కాదని కూడా చెప్పాలి.

మన దగ్గర కడప ఉదంతం మరింత చిక్కుపడినది. 2016 ఏప్రిల్ 25న కడప బిషప్ గల్లెల ప్రసాద్‌ను దారికాచి ఎత్తుకుపోయి కొట్టారు. అరెస్టయినవాళ్లలో ఆయన పీఠానికే చెందిన గురువులున్నారు. దాని వెనక కులం ఉందన్న మాటా వినిపించింది. రెండేళ్ల తర్వాత ఆయన మీదే నిధుల దుర్వినియోగం, వ్రతభంగం ఆరోపణలతో కొందరు గృహస్థులు కోర్టుకు వెళ్లారు. 2018 డిసెంబరులో పోప్ ఆయన రాజీనామాను ఆమోదించాడు. ఆరోపణ రుజువుతో సమానం కాదు. ఈ ఉదంతంలో నా దృష్టిని ఆకర్షించేది మరొకటి. పగబట్టినవాళ్లు కర్రలు పట్టుకున్నారు. గృహస్థులు కాగితం పట్టుకున్నారు. కర్ర పట్టినవాడు ఒక పెత్తనం స్థానంలో మరో పెత్తనం కోరతాడు. కాగితం పట్టినవాడు పదిమంది ముందు లెక్క చెప్పమంటాడు.

*

అయితే ఆధ్యాత్మికమైన ప్రతిస్పందన అంటే ఏమిటి? 2018 ఆగస్టు 20న పోప్ ఫ్రాన్సిస్ విశ్వాసులందరికీ రాసిన లేఖలో గురువుల పెత్తనాన్ని తప్పుపడుతూనే, అందరినీ ప్రార్థన, ఉపవాసం చేయమన్నాడు. "తప్పు చేసింది వాళ్లు, పస్తు మాకా?" అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎవరి తరపున ఉపవాసం అన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. దోషి పరువు కోసం చేసే ఉపవాసం నోటికి వేసుకున్న తాళం. గాయపడిన పిల్ల తరపున చేసేది ఆమె పక్కన కూర్చోవడం. మా నాయనమ్మ స్వరూపాన్ని మోసుకుపోయిన దోవ ఇదే.

కాని ఆ దోవ అక్కడితో ఆగకూడదు. ఇవాళ చట్టమే దాన్ని ముందుకు పొడిగించింది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతివాడూ పోలీసులకు చెప్పి తీరాలి. సంఘ పెద్ద అయినా, ఉపదేశి అయినా, వరండాలో కూర్చుని మాట్లాడి పంపేయడానికి వీల్లేదు. తపస్సు కాలంలో సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ నడిచే మనిషి పదిహేనో స్థలంగా పోలీసు స్టేషను దాకా నడిస్తే భక్తికి భంగం రాదు. విచారణ నిధుల లెక్కలు గుడి తలుపుకు అంటించమని అడగడమూ భక్తే. బదిలీ అయి వచ్చిన గురువు ఎందుకు వచ్చాడని అడగడమూ భక్తే. రుజువు కానిదాన్ని రుజువైనట్టు పుకారు చేయకుండా ఉండడం కూడా అందులో భాగమే. నిందితుడికీ న్యాయం కావాలి. చిత్తశుద్ధితో పనిచేసే గురువులకు ఇవి హాని చేయవు. వాళ్ల మీద పడే అనుమానపు నీడను తొలగిస్తాయి.

రచయితలకు కూడా ఒక మాట. తెనాలిలో స్థిరపడిన కవిరాజు త్రిపురనేని రామస్వామి పురోహితుడు లేకుండా తెలుగులో పెళ్లి చేసుకోవడానికి 'వివాహ విధి' రాశాడు. జాషువా 1941లో 'గబ్బిలం'లో అరుంధతీసుతుడి చేత, పూజారి దగ్గర లేని సమయం చూసి తన బాధను శివుడి చెవిన వేయమని గబ్బిలాన్ని కోరించాడు. మధ్యవర్తిని దాటి దేవుడితో మాట్లాడే హక్కు గురించి ఇంతకంటె గొప్పగా చెప్పిన తెలుగు కవి నాకు తెలియడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ఇటు హిందువుల నుంచీ అటు క్రైస్తవుల నుంచీ వెలి అనుభవించిన మనిషి అది రాశాడు. అగ్రహారపు పూజారిని గురించి మన కథకులు నూరేళ్లుగా రాస్తున్నారు. విచారణ బంగళా వరండాలో జరిగే రాజీలను గురించి, ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ తండ్రిని గురించి మన సాహిత్యంలో ఎంత ఉంది? మైనారిటీల మీద దాడులు జరిగే కాలంలో ఇటువంటివి రాస్తే శత్రువులకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని కొందరు మిత్రులంటారు. ఆ జాగ్రత్త అవసరమే. కాని ఆ జాగ్రత్త పేరుతో మూసిన నోరు ఆ పదమూడేళ్ల పిల్లదే అవుతున్నది. ఆమె కూడా ఆ మైనారిటీలో మనిషే.

బాపట్లలో నన్ను అడిగిన అమ్మాయికి ఇప్పుడు ఇలా చెబుతాను. అమ్మా, మీ ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. మీ అమ్మ గుడికి వెళ్లనీ. అది ఆమె పూర్వికులు స్వాములు లేని కాలంలో కాపాడుకున్న సొత్తు. నువ్వు మానేశావు గనక నీ కోపాన్ని ఇంట్లో పెట్టుకోకు. ఈసారి జపమాల మాసంలో మరియమాత స్వరూపం ముందు ఏ ఇంటికి వెళ్లాలో మీరిద్దరూ కూర్చుని ఆలోచించండి. ఆ ఇంటి నుంచి ఫిర్యాదు ఎవరు రాయాలో కూడా ఆ రాత్రే తేల్చుకోండి. మా నాయనమ్మకు రాయడం రాదు. నీకు వచ్చు.